ట్రాన్స్‌ఫర్ రోజు గర్భసంచి కుదురుగా ఉండాలంటే: డ్రిప్పా, మాత్రా, ఫ్రీజింగా?

ఐవీఎఫ్‌లో ల్యాబ్‌లో పెంచిన పిండాన్ని గర్భసంచిలో పెట్టడాన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. నా రెండో ట్రాన్స్‌ఫర్‌కు రెండు రోజుల ముందు క్లినిక్‌లో చేతికిచ్చిన ఎస్టిమేట్ కాగితంలో, మొదటిసారి లేని ఒక వరస కనిపించింది. అటోసిబాన్ ఇన్ఫ్యూజన్. ఏంటిదని అడిగితే బిల్లింగ్ కౌంటర్లో అబ్బాయి తల ఎత్తకుండానే, "గర్భసంచి రిలాక్స్ అవ్వడానికి మేడమ్, ఇప్పుడు అందరికీ పెడుతున్నాం" అన్నాడు.

రిలాక్స్ అవ్వడం మంచిదే. కానీ "అందరికీ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నా గర్భసంచి కుదురుగా లేదని ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు? ఎవరూ చూడలేదు. ఆ రాత్రి మొదలుపెట్టి చదివినవీ, తర్వాత ఇద్దరు డాక్టర్ల దగ్గర కూర్చుని అడిగినవీ ఇక్కడ రాస్తున్నాను. మందు మోతాదు నిర్ణయించడం డాక్టర్ పని. ఏ వరసకు ఎందుకు డబ్బు కడుతున్నామో అడగడం మాత్రం మన పనే.

ముందుగా ఈ కదలికేమిటో చూద్దాం. ప్రసవం నొప్పుల్లా గర్భసంచి మొత్తం బిగుసుకుపోవడం కాదు ఇది. లోపలి పొరను ఆనుకుని ఉన్న పల్చని కండరం అలల్లా కదులుతుంది. చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు. నెలసరి రోజుల్లో అలలు పైనుంచి కిందికి, రక్తాన్ని బయటికి తోసేలా వస్తాయి. అండం విడుదలయ్యే రోజులకు దిశ మారి కింద నుంచి పైకి వెళ్తాయి, వీర్యకణాలకు దారి సులువు కావడానికి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరిగి ఆ కండరాన్ని జోకొడుతుంది. పిండం వచ్చి చేరే వేళకు లోపల దాదాపు నిశ్శబ్దం.

ఐవీఎఫ్‌లో ఈ లయ చెదురుతుంది. ఒక్క అండానికి బదులు పది, పదిహేను పెంచుతాం. ఈస్ట్రోజెన్ హార్మోన్ మామూలు నెలకన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది, అలలు జోరందుకుంటాయి. అదే సమయంలో రెండు మూడు చుక్కలు కూడా ఉండని ద్రవంలో పిండాన్ని పెట్టి, సన్నని గొట్టంతో లోపల వదులుతాం. అలలు గట్టిగా ఉంటే అది వదిలినచోటే ఉంటుందన్న భరోసా లేదు.

ఇది ఊహ కాదు. పారిస్ దగ్గర క్లమార్‌లోని ఆంటువాన్ బెక్లేర్ ఆసుపత్రి బృందం 1998లో 209 మంది స్త్రీలకు ట్రాన్స్‌ఫర్‌కు ముందు స్కాన్ చేసి అలలు లెక్కపెట్టింది. అలలు ఎక్కువగా ఉన్నవాళ్లలో గర్భం నిలిచే రేటు తగ్గింది. రక్తంలో ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉన్నవాళ్లలో అలలు తక్కువ. 2014లో చైనా నుంచి వచ్చిన అధ్యయనం ఫ్రెష్ (అండాలు తీసిన నెలలోనే పెట్టేది), ఫ్రోజెన్ (పిండాన్ని గడ్డకట్టించి దాచి తర్వాత పెట్టేది) రెండు రకాల ట్రాన్స్‌ఫర్లలోనూ చూసింది. నిమిషానికి 2 కన్నా తక్కువ అలలు ఉన్నవాళ్లకు ఫలితాలు మెరుగ్గా వచ్చాయి.

సమస్య ఉందని ఒప్పుకుందాం. దానికి ఏ మందు, ఎవరికి అన్నదగ్గరే తిరకాసంతా.

ఖర్చు లేని దారి: చెయ్యి తేలిగ్గా పడటం

అన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకునేది ఇదే. అన్నిటికన్నా ముందు అడగాల్సిందీ ఇదే అని నా అభిప్రాయం. 1998లోనే ఇంగ్లండ్‌లోని హల్ నగరంలో డాక్టర్లు పిండం లేకుండా, స్కాన్‌లో కనిపించే ద్రవంతో ఉత్తుత్తి ట్రాన్స్‌ఫర్లు చేసి చూశారు. గొట్టం సాఫీగా వెళ్లినప్పుడు ద్రవం వదిలినచోటే నిలిచింది. కావాలని గొట్టం మొనతో గర్భసంచి పైకప్పును తాకినప్పుడు గట్టి అలలు లేచి ఆ ద్రవం అటూ ఇటూ కొట్టుకుపోయింది. అంటే కొన్నిసార్లు ఆ బిగింపును మనమే తెచ్చిపెడుతున్నాం.

అమెరికాలో సంతాన చికిత్స నిపుణుల సంఘం 2017లో ట్రాన్స్‌ఫర్ ఎలా చేయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. పొట్టమీద స్కాన్ పెట్టి చూస్తూ చేయడం, మెత్తటి క్యాథెటర్ (గొట్టం) వాడటం, గర్భసంచి ముఖద్వారం దగ్గరి జిగురు తుడిచేయడం, పైకప్పుకు 1 సెంటీమీటరు కన్నా దూరంలో పిండాన్ని వదలడం, అయిపోయాక వెంటనే లేచి నడవనివ్వడం. వీటన్నిటికీ ఆధారాలున్నాయని చెప్పింది. వీటిలో ఒక్కదానికీ విడిగా బిల్లు వేసే పని లేదు.

కాబట్టి మొదటి ప్రశ్న డాక్టర్‌కి: "పోయినసారి ట్రాన్స్‌ఫర్ సులువుగా అయిందా, కష్టమైందా?" ఇది ఫైల్లో రాసి ఉంటుంది. నాది తెరిచి చూస్తే మొదటిసారి ముఖద్వారాన్ని టెనాక్యులమ్‌తో పట్టి లాగాల్సి వచ్చిందని ఉంది. టెనాక్యులమ్ అంటే కొక్కెం లాంటి పరికరం. ఆ రోజు "కొంచెం పట్టినట్టుంటుందమ్మా" అని మాత్రమే చెప్పారు. అలా పట్టి లాగితే కండరం మరింత కదులుతుంది. కష్టమైన ట్రాన్స్‌ఫర్ అయినవాళ్లు తర్వాతిసారికి ముందే ఉత్తుత్తి ట్రాన్స్‌ఫర్ ఒకటి చేయించుకుని, దారి ఎటు వంగి ఉందో రాయించుకోవడం మేలు. ఈ పని అవకుండా డ్రిప్ పెట్టించుకోవడమంటే, తలుపు దగ్గర డోలు వాయిస్తూ బిడ్డకు జోలపాట పాడినట్టే.

ప్రొజెస్టెరాన్: ఎలాగూ వాడతాం, ఏ రూపంలో?

గర్భసంచిని కుదుర్చుకోవడానికి శరీరం వాడుకునే మందు ఇదే. అందుకే ఇక్కడ "వాడాలా వద్దా" అన్న ప్రశ్న లేదు. ఇంజెక్షనా, యోని లోపల పెట్టుకునే మాత్రలా లేక జెల్లా, నోటి మాత్రలా అన్నదే తేల్చుకోవాలి.

ఫ్రెష్ ట్రాన్స్‌ఫర్ అయితే లోపల పెట్టుకునేవి సరిపోతాయి. నోటితో వేసుకునే డైడ్రోజెస్టెరాన్ 10 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు వేసుకున్నా వాటికి తీసిపోదని 2017, 2018లలో వచ్చిన లోటస్ ట్రయల్స్ రెండూ చూపించాయి. లోపల పెట్టుకోవడం ఇబ్బందిగా ఉన్నవాళ్లకు, ఉమ్మడి కుటుంబంలో బాత్రూమ్ కోసం క్యూ కట్టేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మందులతో లోపలి పొర పెంచి చేసే ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్ సంగతి వేరు. అక్కడ అండం విడుదల కాదు, శరీరం సొంతంగా ప్రొజెస్టెరాన్ తయారుచేయదు. బరువంతా మనమిచ్చే మందు మీదే. అమెరికాలో జరిగి 2021లో అచ్చైన పెద్ద ట్రయల్‌లో లోపల పెట్టుకునేది మాత్రమే వాడినవాళ్లలో 27%కి బిడ్డ పుడితే, రోజూ కండరానికి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 44%, లోపల పెట్టుకుంటూ మూడు రోజులకొక ఇంజెక్షన్ కలిపినవాళ్లలో 46%. నేనైతే ఆ మూడోదే ఎంచుకుంటాను. తుంటి మీద రోజూ కాకుండా మూడు రోజులకోసారి గడ్డ కడితే కాస్త కూర్చోగలం.

ఇక్కడ ఒక మాట. ట్రాన్స్‌ఫర్ అయ్యాక మా అత్తయ్య ఇంట్లో నువ్వుండలు కంటపడకుండా దాచేసింది, వేడి చేస్తుందని. ఆ ఇంజెక్షన్‌ను కొన్ని బ్రాండ్లలో కలిపేది నువ్వుల నూనెలోనే. పెట్టె మీద చదివి వినిపిస్తే "అది మందులే, వేరు" అని తేల్చేసింది.

ఆగడం: మూడో రోజా, అయిదో రోజా, అసలు తర్వాతి నెలా?

మందు కన్నా టైమింగ్ ఎక్కువ పని చేసే చోటిది. క్లమార్ బృందమే 2001లో మళ్లీ చూసింది. అండాలు పక్వానికి ఇచ్చే హెచ్‌సీజీ ఇంజెక్షన్ తర్వాత రోజులు గడిచేకొద్దీ అలలు తగ్గి, ఏడు రోజులకు, అంటే బ్లాస్టోసిస్ట్ (అయిదు రోజుల పిండం) ట్రాన్స్‌ఫర్ చేసే సమయానికి, దాదాపు సద్దుమణిగాయి. మూడో రోజు పెట్టే పిండం ఇంకా అలల మధ్యకే వెళ్తుంది. అయిదో రోజుది కాస్త తెరిపి పడ్డాక వెళ్తుంది. అయిదో రోజు దాకా ల్యాబ్‌లో పెరిగే పిండాలు చాలినన్ని ఉంటే ఈ ఎంపిక తేలికే. ఒకటో రెండో పిండాలున్నవాళ్లకు మాత్రం అయిదో రోజుకు ఏదీ మిగలకపోవచ్చన్న భయం నిజమైనదే. అలాంటప్పుడు మూడో రోజే పెట్టించుకుని, మిగతా జాగ్రత్తల మీద దృష్టి పెట్టండి.

ఇక ఫ్రీజ్ చేసి తర్వాతి నెలలో పెట్టడం. అండాలు పెంచే ఇంజెక్షన్ల తాకిడి అప్పటికి పోతుంది. ఈస్ట్రోజెన్ మామూలు హద్దుల్లోకి వస్తుంది. మనకిది కొత్తేమీ కాదు. 1978 అక్టోబరు 3న కలకత్తాలో పుట్టిన మన దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ దుర్గ విషయంలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ పిండాన్ని గడ్డకట్టించి దాచి, ఆ తర్వాత నెలసరి చక్రంలోనే పెట్టారు. ఆయన చెప్పింది ఆనాడు నమ్మలేదు, వేధించారు, 1981లో ఆత్మహత్య చేసుకున్నారు. ఇవాళ క్లినిక్‌లో "ఫ్రీజ్ ఆల్ చేద్దాం" అని ఎంత మామూలుగా అంటారో విన్నప్పుడల్లా ఆయనే గుర్తొస్తారు.

అయితే ఫ్రీజింగ్ కూడా "అందరికీ" కాదు. పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న చిన్న నీటి బుడగల్లాంటివి ఉండి నెలసరి తప్పే సమస్య) ఉన్న 1,508 మందితో చైనాలో చేసిన ట్రయల్ 2016లో వచ్చింది. ఫ్రోజెన్‌లో 49.3%కి, ఫ్రెష్‌లో 42%కి బిడ్డ పుట్టింది. అదే ట్రయల్‌లో గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే ప్రీఎక్లాంప్సియా ఫ్రోజెన్‌లో 4.4%, ఫ్రెష్‌లో 1.4%. 2018లో పీసీఓఎస్ లేనివాళ్ల మీద చైనాలో, వియత్నాంలో చేసిన రెండు ట్రయల్స్‌లో ఫ్రెష్‌కీ ఫ్రోజెన్‌కీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అండాలు ఎక్కువ వచ్చి పొట్ట ఉబ్బినవాళ్లకు, పీసీఓఎస్ ఉన్నవాళ్లకు ఫ్రీజింగ్ నిస్సందేహంగా మంచి మాట. ఆరేడు అండాలొచ్చి, పొర బాగా ఉండి, బీపీ చరిత్ర ఉన్నవాళ్లు మాత్రం ఎందుకు ఆగాలో డాక్టర్ని అడిగి తీరాలి.

అటోసిబాన్ డ్రిప్

నా కాగితంలో వరస దగ్గరకు వచ్చాం. అటోసిబాన్ ఆక్సిటోసిన్ పనిని అడ్డుకునే మందు. నెలలు నిండకుండా వచ్చే నొప్పుల్ని ఆపడానికి తయారైంది, యూరప్‌లో 2000లో అనుమతి దొరికింది ఆ పనికే. ట్రాన్స్‌ఫర్‌కు వాడటం తర్వాత వచ్చిన ఆలోచన. ట్రాన్స్‌ఫర్‌కు అరగంట ముందు 6.75 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చి, తర్వాత గంట పాటు ఎక్కువ వేగంతో, ఇంకో రెండు గంటలు తక్కువ వేగంతో డ్రిప్ నడుపుతారు. అంటే మూడు గంటలకు పైగా మంచం మీద. మందు అలల్ని తగ్గిస్తుందా అంటే తగ్గిస్తుంది. మనక్కావలసింది అలలు తగ్గడమా, బిడ్డ పుట్టడమా?

2010లో టర్కీ నుంచి వచ్చిన 180 మంది ట్రయల్ ఫలితాలు ఆశ పుట్టించాయి. 2014లో హాంకాంగ్, చైనా, వియత్నాం కేంద్రాలు కలిసి 800 మందిని తీసుకుని, సగం మందికి అటోసిబాన్, సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చి చూశాయి. మందు తీసుకున్నవాళ్లలో 39.8%కి, సెలైన్ తీసుకున్నవాళ్లలో 38%కి బిడ్డ పుట్టింది. ఆ తేడాను తేడా అనరు. వైద్య ట్రయల్స్‌ను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2021 సమీక్ష అన్నీ కలిపి చూసి, అటోసిబాన్ వల్ల ప్రసవాలు పెరుగుతాయని నమ్మకంగా చెప్పలేమని తేల్చింది.

ఇదే జాతి మందు నోలాసిబాన్ కథ కూడా తెలుసుకోవాలి. ట్రాన్స్‌ఫర్‌కు నాలుగు గంటల ముందు 900 మిల్లీగ్రాములు ఒక్కసారి మింగితే చాలు. స్విట్జర్లాండ్ కంపెనీ ఆబ్‌సేవా తెచ్చింది. 778 మందితో చేసిన ఇంప్లాంట్ 2 ట్రయల్‌లో పది వారాలకు గర్భం నిలిచినవాళ్లు మందుతో 35.6%, లేకుండా 28.5%. అందరూ సంబరపడ్డారు. 807 మందితో ఇంప్లాంట్ 4 చేశారు. 2019 నవంబరులో ఫలితం వచ్చింది: 40.5%, 39.1%. కంపెనీ ఐవీఎఫ్‌లో ఆ మందును అక్కడితో వదిలేసింది. ఒక్క మంచి ట్రయల్ చూపించి అమ్మేవాళ్లు ఎదురైతే ఈ కథ గుర్తుచేసుకోండి.

అలాగని అటోసిబాన్‌ను పూర్తిగా కొట్టిపారెయ్యను. ఆ 800 మందిని అలలు లెక్కపెట్టి ఎంచలేదు. తలనొప్పి ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ కలిపి తలనొప్పి మాత్ర ఇస్తే, మాత్ర పనిచేయనట్టే కనిపిస్తుంది. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) ఉండి ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్‌కు వచ్చిన 120 మంది మీద 2016లో వచ్చిన ట్రయల్ మంచి ఫలితమే చూపించింది. అయితే అది చిన్నది, ఒక్కచోట జరిగింది. అందుకే నా లెక్క ఇది: మంచి పిండాలతో రెండు మూడుసార్లు విఫలమై, స్కాన్‌లో అలలు ఎక్కువని కళ్లతో చూసి, ట్రాన్స్‌ఫర్ తేలిగ్గా అయినా ఫలితం రానివాళ్లు, వేలు ఖర్చుపెట్టే ఓపిక ఉంటే, ఇది ప్రయత్నమేనని తెలిసి పెట్టించుకోవచ్చు. మొదటి ట్రాన్స్‌ఫర్‌కే, లెక్కపెట్టకుండా, ప్యాకేజీలో భాగంగా వద్దు.

లెక్కపెట్టడం పెద్ద పనేం కాదు. లోపలి స్కాన్ పెట్టి మూడు నుంచి అయిదు నిమిషాలు కదపకుండా రికార్డు చేసి, తర్వాత వేగంగా తిప్పి చూస్తారు. మామూలు వేగంలో ఏమీ కదలనట్టుండే పొర, వేగంగా తిప్పితే ఏటిగట్టున నీళ్లు తాకినట్టు కదులుతుంది. నేను అడిగినప్పుడు రెండో డాక్టర్ మొదట నవ్వి, తర్వాత నిజంగానే పెట్టి చూపించారు. నాకు నిమిషానికి రెండు కూడా లేవు. ఆ వరస కొట్టేయించాను.

మాత్రలు, ఇంజెక్షన్లు

నొప్పి, వాపు తగ్గించే పైరాక్సికామ్ గురించి ఎక్కువగా వింటారు. ట్రాన్స్‌ఫర్‌కు గంటా రెండు గంటల ముందు 10 మిల్లీగ్రాముల మాత్ర. 2004లో 188 మంది ట్రయల్ బాగుందంది, తర్వాత వచ్చినవి అన్నీ అలా అనలేదు. చవక, ఒక్క మాత్రే. కానీ ఆస్తమా, అల్సర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. గర్భసంచిని సడలించడానికి వాడే రిటోడ్రిన్, టెర్బ్యుటాలిన్ గుండె దడ తెస్తాయి, ట్రయల్స్‌లో లాభం కనిపించలేదు. వాటి జోలికి వెళ్లకపోవడమే నయం. నిఫెడిపిన్ బీపీ మాత్ర, దీనికీ బలమైన ఆధారం లేదు, పైగా బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. నెలసరి నొప్పికి వాడే హయోసిన్‌ను కొందరు డాక్టర్లు అలవాటుగా రాస్తారు. దానికోసం వాళ్లతో గొడవ పడక్కర్లేదు, దానిమీద ఆశలూ పెట్టుకోనక్కర్లేదు.

మూలం వేరేచోట ఉంటే

గర్భసంచి గోడలో గడ్డలు (ఫైబ్రాయిడ్లు), అడెనోమయోసిస్ (లోపలి పొర గోడ కండరంలోకి చొచ్చుకుపోవడం) ఉన్నవాళ్లకు ట్రాన్స్‌ఫర్ రోజు ఇచ్చే మందు పైపూత లాంటిది. టోక్యోలో 2010లో గోడలోపల ఫైబ్రాయిడ్లున్న 51 మందికి ఎంఆర్‌ఐలో కదలికలు చూశారు. మూడు నిమిషాల్లో రెండు కన్నా తక్కువ అలలున్న 29 మందిలో 10 మందికి గర్భం వచ్చింది. ఎక్కువున్న 22 మందిలో ఒక్కరికీ రాలేదు. తర్వాత అదే బృందం అలలు ఎక్కువున్నవాళ్లకు గడ్డలు తీసేస్తే చాలామందిలో అలలు తగ్గాయని చూపించింది. ఎంఆర్‌ఐ లెక్క మూడు నిమిషాలకు, స్కాన్ లెక్క నిమిషానికి. రెండూ పక్కపక్కన పెట్టి కంగారు పడకండి.

గడ్డ ఉన్న ప్రతివాళ్లూ కోయించుకోవాలని కాదు. కోత తర్వాత కుట్లు మానడానికి నెలలు ఆగాలి, వయసు 38 దాటినవాళ్లకు ఆ నెలలు ఖరీదైనవి. అలాంటివాళ్లు ముందు అండాలు తీయించి పిండాలు ఫ్రీజ్ చేసుకుని, ఆపరేషన్ తర్వాత పెట్టించుకునే దారి గురించి అడగాలి. అడెనోమయోసిస్‌కైతే రెండు మూడు నెలలు లూప్రోలైడ్ వంటి ఇంజెక్షన్‌తో నెలసరి ఆపి, ఆ తర్వాత ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్ చేసే పద్ధతి మన దగ్గరా బాగా నడుస్తోంది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టదు, భరించాలి. ఈ రెండు జబ్బుల్లో ఏదున్నా డ్రిప్ డబ్బును ఇటు పెట్టడమే న్యాయం.

మిగిలింది విశ్రాంతి. ఇంటికొచ్చాక మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి, కాళ్లు ఎత్తి పడుకోబెడతారు. దగ్గకు అంటారు, తుమ్మకు అంటారు. పిండం జారిపడేది కాదు. లోపలి గోడలు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి, రెండు రొట్టెల మధ్య జామ్‌లా. పడుకోబెట్టినందువల్ల అలలు తగ్గుతాయని ఎవరూ చూపించలేదు.

రెండోసారి నాకు బాగా గుర్తున్నది వేరే. స్కాన్‌లో గర్భసంచి బాగా కనబడాలని లీటరు నీళ్లు తాగించారు. తెర మీద గొట్టం మొన దగ్గర చిన్న తెల్ల చుక్క మెరిసింది. "అదిగో, వదిలేశాం" అన్నారు డాక్టర్. అందరూ ఆ చుక్కను చూసి కళ్లు తుడుచుకుంటారట. నేను మాత్రం "లేవచ్చా? బాత్రూమ్ ఎటు?" అని అడిగాను. నర్సు చెయ్యందించి, "వెళ్లండి మేడమ్, ఏమీ కాదు. ఆపుకుని బిగబట్టుకోవడం కన్నా అదే నయం" అంది.